పిల్కాలెన్: సరిహద్దు మీద బతికిన జిల్లా

జర్మనీలో గ్రామీణ జిల్లాను లాండ్‌క్రైస్ అంటారు. ఇవాళ అక్కడ అలాంటి జిల్లాలు 294 ఉన్నాయి. ఒకప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువ ఉండేవి. పశ్చిమ జర్మనీలోనే 1960లలో నాలుగు వందల పైచిలుకు ఉండగా, 1970లు ముగిసేసరికి అవి దాదాపు సగానికి తగ్గాయి. ఖర్చు తగ్గాలని, చిన్న ఆఫీసుల వల్ల పని సాగడం లేదని పక్కపక్క జిల్లాలను కలిపేశారు. జిల్లా కేంద్రం హోదా పోయిన పట్టణాలు గొడవ చేశాయి, అర్జీలు పెట్టాయి, కొన్నేళ్లకు సర్దుకున్నాయి. బోర్డు మారింది, బండి నంబరు మీది అక్షరాలు మారాయి. ఇళ్లు, పొలాలు, సమాధులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కానీ పూర్వపు జిల్లాల జాబితాలో ఇంకో తెగ ఉంది. అవి దేన్లోనూ కలిసినవి కావు. 1945 దాకా జర్మనీలో భాగమై ఉండి, యుద్ధం ముగిశాక పోలండ్‌కో సోవియట్ యూనియన్‌కో పోయిన తూర్పు ప్రాంతాల జిల్లాలు. వాటిలో జిల్లాతోపాటు జనమూ పోయారు, భాష పోయింది, చాలాచోట్ల ఊళ్లు కూడా పోయాయి. ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఒక జిల్లా గురించి. దాని పేరు పిల్కాలెన్. తూర్పు ప్రష్యాలో ఈశాన్యపు మూల. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. జనం నలభై వేల పైచిలుకు. యుద్ధం ముందు దాని ముఖ్య పట్టణంలో ఆరు వేలమంది కూడా లేరు. రాజులు పుట్టలేదు, పెద్ద కర్మాగారాలు వెలవలేదు. పశువులు, గుర్రాలు, రై పంట, అడవి, బురద నేలలు. అంతే దాని ఆస్తి.

మరి దాని గురించి ఇంత చెప్పుకోవడం దేనికి? దాని తూర్పు అంచున ఒక సరిహద్దు ఉంది. యూరప్‌లో అంతకాలం కదలకుండా నిలిచిన సరిహద్దులు తక్కువ. పిల్కాలెన్ పుట్టుక, బతుకు, చావు మూడూ ఆ గీతతోనే ముడిపడ్డాయి. జిల్లా అంటే పరిపాలన సౌకర్యం కోసం గీసుకున్న గీత అని మనం తేలిగ్గా అనుకుంటాం. ఆ గీత లోపల ఉన్నవాళ్ల మీద రాజ్యం ఎంత భారం మోపగలదో చూడాలంటే పిల్కాలెన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఆ సరిహద్దు 1422 నాటిది. అప్పుడు ఈ నేల ట్యుటానిక్ ఆర్డర్ అనే జర్మన్ సైనిక సన్యాసుల చేతిలో ఉండేది. బాల్టిక్ తెగలను కత్తితో క్రైస్తవంలోకి మార్చడమే వాళ్లు చెప్పుకున్న ధర్మం. లిథువేనియాతో, పోలండ్‌తో దశాబ్దాలు యుద్ధాలు చేసి, చివరికి మెల్నో సరస్సు దగ్గర సంధి కుదుర్చుకున్నారు. ఆ సంధిలో గీసిన గీత ఇంచుమించు అలాగే దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచింది. గీతకు పడమట ఉన్న పాత తెగలు అప్పటికే యుద్ధాల్లో నశించాయి. నేల అడవిపాలైంది. ఆ అడవిలోకి తూర్పు నుంచి లిథువేనియన్ రైతులు వచ్చి చెట్లు కొట్టి ఊళ్లు కట్టారు. అందుకే ఈ జిల్లాలోని పాత ఊళ్ల పేర్లన్నీ దాదాపు లిథువేనియన్ పేర్లే. పిల్కాలెన్ కూడా అలాంటిదే, కోట దిబ్బ అని అర్థం.

1525లో ట్యుటానిక్ ఆర్డర్ పెద్ద ఆల్బ్రెష్ట్ సన్యాసం వదిలి, మార్టిన్ లూథర్ మతంలో చేరి, ఈ రాజ్యాన్ని తన వంశపు డచీగా మార్చుకున్నాడు. అక్కడి నుంచి సరిహద్దుకు ఇంకో అర్థం వచ్చింది. ఇవతలి లిథువేనియన్లు ప్రొటెస్టెంట్లు, అవతలివాళ్లు కాథలిక్కులు. భాష ఒక్కటే, గుడి వేరు. చర్చిలో ఉపదేశం జనం భాషలోనే చెప్పాలన్నది లూథర్ మార్గం కాబట్టి, ఇవతల పాస్టర్లు లిథువేనియన్ నేర్చుకోవాల్సి వచ్చింది. లిథువేనియన్ భాషలో అచ్చయిన మొదటి పుస్తకం 1547లో వెలువడింది లిథువేనియాలో కాదు, ప్రష్యా రాజధాని కోనిగ్స్‌బర్గ్‌లో. పుస్తకాలు సరిహద్దుకు ఇవతల అచ్చయి అవతలివాళ్లకు చేరే ఈ వాడుక తర్వాత ఎంత దూరం వెళ్లిందో కాసేపట్లో చూద్దాం.

1708-09 శీతకాలం యూరప్ అంతటా భయంకరంగా గడిచింది. పంటలు పోయాయి. దాని వెంటే ప్లేగు వచ్చింది. 1709 నుంచి 1711 దాకా తూర్పు ప్రష్యాలో రెండు లక్షలకు పైగా జనం చనిపోయారు. మొత్తం జనాభాలో అది మూడో వంతుకు పైనే. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది లిథువేనియన్లు ఉండే ఈ ఈశాన్య ప్రాంతమే. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కోత కోసేవాళ్లు లేక పొలాలు మళ్లీ తుప్పలెక్కాయి.

అప్పుడు ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విలియం మొదలుపెట్టిన పని ఈ నేల రూపాన్నే మార్చింది. బయటి నుంచి రైతులను పిలిచి భూమి ఇచ్చాడు, కొన్నేళ్లు పన్ను మాఫీ చేశాడు, విత్తనాలు, పశువులు సమకూర్చాడు. స్విట్జర్లాండ్ నుంచి, నస్సౌ నుంచి, ఫాల్ట్స్ నుంచి కుటుంబాలు వచ్చాయి. పెద్ద గుంపు మాత్రం ఆల్ప్స్ కొండల్లోని జాల్స్‌బుర్గ్ నుంచి వచ్చింది. అక్కడి ఆర్చ్‌బిషప్ 1731లో ప్రొటెస్టెంట్లు దేశం విడిచిపోవాలని ఆజ్ఞ వేశాడు. దాదాపు ఇరవై వేలమంది నడిచి బయటపడ్డారు. 1732 ఫిబ్రవరిలో ప్రష్యా రాజు వాళ్లకు తలుపు తెరిచాడు. వాళ్లలో ఎక్కువమంది చేరింది గుంబిన్నెన్ చుట్టుపక్కల, అంటే పిల్కాలెన్ ఉన్న ఈ ప్రాంతంలోనే. 1720లలో ఇక్కడ వరసగా పల్లెలకు పట్టణ హోదా ఇచ్చారు. గుంబిన్నెన్‌కు, పిల్కాలెన్‌కు, 1725లో సరిహద్దు మీదున్న షిర్విండ్ట్‌కు. సంత జరగాలి, కమ్మరి, వడ్రంగి, తోళ్లవాడు ఒకచోట ఉండాలి, రాజుకు సుంకం రావాలి. పట్టణం అప్పుడు అందుకు పుట్టేది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఈ నేలను అనాదిగా జర్మన్ నేల అని తర్వాతి కాలపు జాతీయవాదులు గట్టిగా చెప్పారు. అనాదిగా లిథువేనియన్ నేల అని అటువైపు జాతీయవాదులూ చెప్పారు. నిజానికి ఇది చాలా చోట్ల నుంచి తరిమివేయబడినవాళ్లూ, ఆకలికి కదిలినవాళ్లూ కలిసి బాగుచేసుకున్న నేల. రెండు మూడు తరాల్లో వాళ్లు ఒకరినొకరు పెళ్లాడారు. ఇంటిపేర్లు చూస్తే లిథువేనియన్, ఫ్రెంచి స్విస్, ఆస్ట్రియన్, జర్మన్ అన్నీ ఒకే చర్చి రిజిస్టరులో కనిపిస్తాయి.

పిల్కాలెన్ జిల్లాగా పుట్టింది 1818లో. నెపోలియన్ చేతిలో ఓడి, మళ్లీ గెలిచిన ప్రష్యా తన పరిపాలనను కింది నుంచి కట్టుకుంటున్న కాలమది. 1815 ఏప్రిల్‌లో వచ్చిన ఒక రాజ శాసనం రాజ్యాన్ని రాష్ట్రాలుగా, వాటిని ప్రభుత్వ మండలాలుగా, వాటిని క్రైస్‌లు అనే జిల్లాలుగా విడగొట్టింది. జిల్లా కేంద్రానికి వెళ్లిన రైతు పని చూసుకుని అదే రోజు ఇంటికి చేరుకోగలగాలి, జిల్లా అంతకంటే పెద్దది కాకూడదు అన్నది అప్పటి ఆలోచన. గుంబిన్నెన్ కేంద్రంగా ఏర్పడిన మండలంలో పిల్కాలెన్ ఒక క్రైస్ అయింది.

జిల్లా అధికారి పేరు లాండ్రాట్. ఈ పదవిని తెలుగు పాఠకులకు చెప్పాలంటే మన కలెక్టరునూ జిల్లా పరిషత్తు ఛైర్మన్‌నూ ఒకే కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఊహించుకోవాలి. అతను రాజు నియమించిన అధికారి. పన్ను, పోలీసు, సైన్యానికి కుర్రాళ్లను ఎంపిక చేయడం, రోడ్లు, ఎన్నికల నిర్వహణ అన్నీ అతని కిందే. అదే సమయంలో అతను ఆ జిల్లా భూస్వాముల మనిషి కూడా. పేరు ప్రతిపాదించే హక్కు వాళ్లకు ఉండేది, తరచూ వాళ్లలో ఒకడే ఆ పదవిలో కూర్చునేవాడు. బెర్లిన్ ఆజ్ఞను ఊరికి చేర్చేవాడూ అతనే, ఊరి పెద్దల ఇష్టాన్ని బెర్లిన్‌కు చేర్చేవాడూ అతనే. పేద రైతు గోడు ఈ రెండు దారుల్లో దేన్లోనూ సులువుగా పోలేదు.

దీన్ని కొంతైనా మార్చింది 1872 డిసెంబరు నాటి జిల్లా చట్టం. అంతదాకా తూర్పు రాష్ట్రాల్లో భూస్వామికి తన ఎస్టేటు మీద పోలీసు అధికారం ఉండేది. తన పొలంలో కూలి చేసేవాణ్ణి తానే పట్టుకోవచ్చు. కొన్ని ఊళ్లలో మునసబు పదవి భూమితోపాటు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. కొత్త చట్టం ఈ రెంటినీ తీసేసింది. జిల్లా సభకు ఎన్నికలు పెట్టింది, పెద్ద భూస్వాములకు, గ్రామాలకు, పట్టణాలకు వేర్వేరుగా సీట్లు కేటాయించింది. ప్రష్యా ఎగువ సభలోని భూస్వాములు ఈ బిల్లును ఓడించారు. రాజు కొత్త సభ్యులను నియమించి మరీ దాన్ని నెగ్గించాల్సి వచ్చింది. జిల్లా పరిపాలన అనే పొడి విషయం మీద అంత పెద్ద పోరాటం ఎందుకు జరిగిందో ఆలోచిస్తే, ఊళ్లో అసలు అధికారం ఎక్కడుంటుందో తెలుస్తుంది.

పిల్కాలెన్‌లో మహా ఎస్టేట్ల కంటే మధ్యతరగతి రైతులే ఎక్కువ. ప్లేగు తర్వాత పంచిన భూముల ఫలితం అది. దక్షిణాన పక్క జిల్లాలో ట్రాకేనెన్ రాజ అశ్వశాల ఉండేది కాబట్టి ఇక్కడి రైతులూ మేలుజాతి గుర్రాలను పెంచి సైన్యానికి అమ్మేవాళ్లు. బెర్లిన్ నుంచి రష్యా సరిహద్దుకు వెళ్లే ప్రధాన రైలు మార్గం 1860లో పూర్తయినప్పుడు అది దక్షిణాన స్టలుపోనెన్ మీదుగా పోయింది. పిల్కాలెన్‌కు రైలు ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని రాలేదు. జిల్లా పేరు జర్మనీ అంతటా తెలిసిందంటే అది ఒక పానీయం వల్ల. ధాన్యం సారాయి గ్లాసు మీద లివర్ సాసేజి ముక్క పెట్టి, పైన ఆవముద్ద వేసి తాగుతారు. దాన్ని ఇప్పటికీ పిల్కాలర్ అంటారు.

ఇక షిర్విండ్ట్. జిల్లాలో తూర్పు కొస. జర్మన్ రాజ్యం మొత్తానికి అదే తూర్పు చివరి పట్టణం, తూర్పు ప్రష్యాలో అన్నిటికంటే చిన్న పట్టణం. జనం వెయ్యి, పదిహేను వందలు. ఊరి చివర షిర్విండ్ట్ పేరే ఉన్న చిన్న ఏరు, దాని మీద వంతెన. వంతెన దాటితే రష్యా సామ్రాజ్యంలోని లిథువేనియన్ పట్టణం నౌమియెస్తిస్. అటు కాథలిక్ చర్చి గొప్పగా నిలబడి ఉంటే ఇటు ప్రొటెస్టెంట్ చర్చి పాతబడి ఉండటం నాలుగో ఫ్రెడరిక్ విలియం రాజు చూసి చిన్నబోయాడని చెబుతారు. బెర్లిన్‌లో నోయెస్ మ్యూజియం కట్టిన స్ట్యూలర్ చేత నమూనా గీయించి, రెండు గోపురాల ఇమానుయేల్ చర్చిని కట్టించాడు. 1856లో ప్రతిష్ఠ జరిగింది. వెయ్యిమంది ఊరికి అంత పెద్ద చర్చి అవసరం లేదు. అది అవతలి గట్టు నుంచి కనిపించడానికి కట్టినది.

ఆ వంతెన మీదుగా జరిగిన వ్యాపారం ఊరిని పోషించింది. లిథువేనియా నుంచి బాతులు, గుర్రాలు, ధాన్యం, అవిసె వచ్చేవి. ఇటు నుంచి ఇనుప సామాను, బట్టలు పోయేవి. సుంకం కట్టి పోయిన సరుకుతో పాటు కట్టకుండా రాత్రిపూట పోయిన సరుకూ ఉంది. ఆ రాత్రి సరుకులో అన్నిటికంటే విలువైనది పుస్తకాలు.

1863లో రష్యా పాలన మీద పోలండ్, లిథువేనియాల్లో తిరుగుబాటు లేచి అణిగిపోయింది. 1864 నుంచి జారు ప్రభుత్వం లిథువేనియన్ భాషను లాటిన్ లిపిలో అచ్చువేయడాన్ని నిషేధించింది. రాయాలంటే రష్యన్ లిపిలోనే రాయాలి. ఒక జాతి లిపిని చట్టంతో మార్చితే ఆ జాతి తానూ మారుతుందని పాలకులు నమ్మారు. జనం ఆ రష్యన్ లిపి పుస్తకాలను ముట్టుకోలేదు. తమ పుస్తకాలను సరిహద్దుకు ఇవతల, ప్రష్యాలోని టిల్సిట్, రాగ్నిట్ అచ్చుకూటాల్లో వేయించుకున్నారు. ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, అక్షరాభ్యాసపు పుస్తకాలు, పత్రికలు. వాటిని మూటలు కట్టి, వీపున మోసుకుని, బురదల్లో, అడవుల్లో, గడ్డకట్టిన ఏళ్ల మీద అవతలికి చేర్చినవాళ్లను లిథువేనియన్లు పుస్తకం మోసేవాళ్లు అని గౌరవంగా పిలుస్తారు. పట్టుబడితే జైలు, సైబీరియా. కొందరిని సరిహద్దు కాపలావాళ్లు కాల్చి చంపారు. నలభై ఏళ్లు ఇలా సాగింది. 1904లో జారు ప్రభుత్వం ఓటమి ఒప్పుకుని నిషేధం ఎత్తేసింది.

షిర్విండ్ట్‌కు ఎదురుగట్టున ఉన్న నౌమియెస్తిస్‌లో చివరి ఏళ్లు గడిపి 1899లో చనిపోయిన విన్‌త్సస్ కుదిర్కా అనే వైద్యుడు ఈ కథలో ముఖ్యుడు. క్షయతో బాధపడుతూనే ఆయన వార్పస్ అనే పత్రిక నడిపాడు. పత్రిక రాసేది రష్యా రాజ్యంలో, అచ్చయ్యేది ప్రష్యాలో, చదివేది మళ్లీ రష్యా రాజ్యంలో. 1898లో అందులో వచ్చిన ఆయన గీతమే ఇవాళ లిథువేనియా జాతీయ గీతం. నౌమియెస్తిస్ ఇప్పుడు ఆయన పేరుతో కుదిర్కోస్ నౌమియెస్తిస్ అయింది.

ఇందులో బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. సరిహద్దు అవతలి లిథువేనియన్ భాషకు ప్రష్యా ప్రాణం పోస్తున్న ఆ ఏళ్లలోనే, ఇవతలి లిథువేనియన్ భాషను ప్రష్యా ప్రభుత్వం బళ్ల నుంచి తొలగించింది. 1873లో వచ్చిన ఉత్తర్వుతో తూర్పు ప్రష్యా పాఠశాలల్లో చదువు జర్మన్‌లోనే అయింది, మత బోధకు మాత్రమే తల్లి భాష మిగిలింది. పిల్కాలెన్ పల్లెల్లో తాత లిథువేనియన్ మాట్లాడితే మనవడు జర్మన్‌లో బదులిచ్చే రోజులు వచ్చాయి. ఎవరూ జైల్లో పెట్టలేదు కాబట్టి ఇక్కడ పుస్తకం మోసేవాళ్లు పుట్టలేదు. భాష నిషేధంతో చావలేదు, బడితో చచ్చింది.

1914 ఆగస్టులో సరిహద్దు తెగింది. రెన్నెన్‌కాంఫ్ నడిపిన రష్యన్ మొదటి సైన్యం ఈ వైపు నుంచే తూర్పు ప్రష్యాలోకి చొరబడింది. 17న స్టలుపోనెన్ దగ్గర, 20న గుంబిన్నెన్ దగ్గర యుద్ధాలు జరిగాయి. జర్మన్ సైన్యం మసూరియన్ సరస్సుల దగ్గర గెలిచి వాళ్లను తరిమినా, నవంబరులో రష్యన్లు మళ్లీ వచ్చి 1915 ఫిబ్రవరి దాకా ఈ అంచున ఉన్నారు. తూర్పు ప్రష్యా మొత్తంలో నలభై వేల దాకా కట్టడాలు కూలాయి. పదమూడు వేలకు పైగా పౌరులను రష్యా లోపలికి పట్టుకుపోయారు. షిర్విండ్ట్‌లో నిలిచిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చర్చి మాత్రం దెబ్బలతో నిలబడింది.

తర్వాత జరిగిన పునర్నిర్మాణం గురించి గౌరవంగానే చెప్పాలి. యుద్ధం ఇంకా సాగుతుండగానే పని మొదలైంది. పడమటి జర్మనీ నగరాలు ఒక్కొక్కటి ఒక్కో ధ్వంసమైన జిల్లానో పట్టణాన్నో దత్తత తీసుకుని చందాలు పోగుచేశాయి. యువ వాస్తుశిల్పులను పంపారు. షిర్విండ్ట్‌ను కుర్ట్ ఫ్రిక్ తిరిగి గీశాడు. ఒకే ఎత్తు ఇళ్లు, ఎర్ర పెంకుల వాలు కప్పులు, చుట్టూ వసారాలతో సంత మైదానం, దాని చివర పాత రెండు గోపురాల చర్చి. పాడైనదాన్ని మునుపటికంటే బాగా కట్టారు.

కానీ యుద్ధం ముగిసేసరికి సరిహద్దు స్వభావం మారిపోయింది. వెర్సాయ్ సంధితో 1920లో మేమెల్ నదికి ఉత్తరాన ఉన్న నేల జర్మనీ చేతి నుంచి పోయింది. పోలండ్‌కు సముద్రం దాకా దారి ఇవ్వడంతో తూర్పు ప్రష్యా మిగతా జర్మనీ నుంచి తెగి విడి ముక్క అయింది. అవతలి గట్టున రష్యా సామ్రాజ్యం పోయి స్వతంత్ర లిథువేనియా వచ్చింది. పంటల మార్కెట్టు దూరమైంది, రైతులు అప్పుల్లో పడ్డారు, కుర్రాళ్లు పడమటికి వలసపోయారు. మమ్మల్ని మరిచిపోయారనే బాధ ఈ జిల్లాల్లో పేరుకుంది. ఆ బాధను నాజీ పార్టీ ఓట్లుగా మార్చుకుంది. ఎరిక్ కోఖ్ అనే మనిషి తూర్పు ప్రష్యాకు పార్టీ అధిపతి, తర్వాత ప్రభుత్వాధిపతి కూడా అయ్యాడు.

1938 వేసవిలో కోఖ్ ప్రభుత్వం తూర్పు ప్రష్యా అంతటా వెయ్యికి పైగా ఊళ్లకు కొత్త జర్మన్ పేర్లు పెట్టింది. పిల్కాలెన్ ష్లోస్‌బెర్గ్ అయింది. జిల్లాలోని రెండో పెద్ద ఊరు లాస్డేనెన్ హాసెల్‌బెర్గ్ అయింది. షెషుపే నది తూర్పు నది అయింది. షిర్విండ్ట్ పేరు మాత్రం ఎందుకో వదిలేశారు. ప్లేగుకు ముందు నుంచీ ఉన్న పేర్లు ఒక్క ఉత్తర్వుతో పోయాయి. 1939 జనవరి 1 నుంచి దేశమంతటా క్రైస్ అనే మాటకు బదులు లాండ్‌క్రైస్ అని రాయాలన్నారు. అలా ష్లోస్‌బెర్గ్ లాండ్‌క్రైస్ అన్న పూర్తి పేరు ఆరేళ్లు మాత్రమే బతికింది. ఈ పేర్లు పెట్టినవాళ్లు ఒక సంగతి ఊహించలేదు. పాత పేర్లను చెరిపే పని తర్వాత వచ్చేవాళ్లకూ చేతనవుతుంది.

1941 జూన్ 22 తెల్లవారుజామున జర్మన్ సైన్యం ఈ సరిహద్దునే దాటి, అప్పటికి లిథువేనియాను కలిపేసుకున్న సోవియట్ యూనియన్ మీద పడింది. దాటిన రోజుల్లోనే సరిహద్దు వెంట పాతిక కిలోమీటర్ల పట్టీలో యూదుల హత్యలు మొదలయ్యాయి. టిల్సిట్ నుంచి బయల్దేరిన రహస్య పోలీసు దళం ఆ పట్టీలోని ఊళ్లలో వేలమందిని కాల్చింది. 1958లో ఉల్మ్ కోర్టులో దాని మీద విచారణ జరిగి పదిమందికి శిక్ష పడింది. నౌమియెస్తిస్‌లోని యూదులను కూడా ఆ ఏడు వేసవి, శరదృతువుల్లో చంపేశారు. తరతరాలుగా వంతెన దాటి షిర్విండ్ట్ సంతకు వచ్చి వ్యాపారం చేసినవాళ్లు వాళ్లు. తర్వాతి పేరాల్లో జర్మన్ రైతుల కష్టం చెబుతాను. అది చదివేటప్పుడు ఈ పేరాను పక్కన పెట్టకూడదు. కష్టం వంతెన అవతల మొదలైంది, ఇవతలివాళ్ల రాజ్యమే దాన్ని మొదలుపెట్టింది.

1944 ఆగస్టు మొదట్లో షిర్విండ్ట్‌నూ సరిహద్దు ఊళ్లనూ ఖాళీ చేయించారు. ఆగస్టు 17న సోవియట్ సైనికులు షిర్విండ్ట్ దగ్గర షెషుపే ఒడ్డుకు, అంటే యుద్ధం ముందటి జర్మన్ సరిహద్దుకు చేరారు. అక్టోబరు మధ్యలో షిర్విండ్ట్ వాళ్ల చేతికి చిక్కింది. ఎర్రసేన పట్టుకున్న మొదటి జర్మన్ పట్టణం అదే. మిగతా జిల్లా జనాన్ని అప్పుడు హడావుడిగా పడమటి జిల్లాలకు తరలించారు. బండి మీద ధాన్యం, పరుపులు, ముసలివాళ్లు. పశువులను తోలుకుపోగలిగినంత తోలుకుపోయారు, మిగిలినవి పొలాల్లో వదిలేశారు. అక్కడి నుంచి 1945 జనవరి దాకా యుద్ధరేఖ జిల్లా మధ్యలోనే నిలిచిపోయింది. దాదాపు మూడు నెలల ఫిరంగుల కింద ష్లోస్‌బెర్గ్ పట్టణం పొడైంది. జనవరి 13న సోవియట్ దాడి మొదలైన కొద్ది రోజుల్లోనే దాన్ని తీసుకున్నారు.

అప్పటికి జిల్లా జనం పక్క జిల్లాల్లో అతిథులుగా ఉన్నారు. అక్కడా సమయానికి కదలనివ్వలేదు. వెళ్లిపోవడానికి ఏర్పాట్లు చేసుకోవడమే ఓటమిని ఒప్పుకోవడం, ద్రోహం అని కోఖ్ నిషేధించాడు. సోవియట్ ట్యాంకులు దగ్గరపడ్డాక ఒక్కసారిగా లక్షలమంది మంచు రోడ్ల మీదికి వచ్చారు. దారులు మూసుకుపోయాక గడ్డకట్టిన విస్టులా ఉప్పునీటి మడుగు మీద బండ్లు నడిపారు. పై నుంచి విమానాలు, కింద పగిలే మంచు. ఎంతోమంది పిల్లలు ఆ చలిలోనే పోయారు. ఆ ఆజ్ఞ ఇచ్చిన కోఖ్ మాత్రం ఓడెక్కి తప్పించుకున్నాడు. 1949లో హాంబుర్గ్ దగ్గర దొరికాడు. పోలండ్‌లో చేసిన హత్యలకు 1959లో వార్సాలో మరణశిక్ష పడింది, అది అమలు కాలేదు. 1986లో జైల్లో చనిపోయాడు. తన సొంత రాష్ట్రపు జనాన్ని కదలనివ్వనందుకు ఏ కోర్టూ అతన్ని విచారించలేదు.

పోట్స్‌డామ్ సమావేశం తర్వాత తూర్పు ప్రష్యా ఉత్తర భాగం సోవియట్ యూనియన్‌కు పోయింది. 1946లో అది కాలినిన్‌గ్రాద్ ప్రాంతం అయింది. మిగిలిన జర్మన్లను 1947, 1948ల్లో పంపించేశారు. రష్యా లోతట్టు నుంచి కొత్త జనం వచ్చారు. వాళ్లలోనూ ఎక్కువమంది యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్లే. పేర్లు మళ్లీ మారాయి. పిల్కాలెన్ దొబ్రోవోల్స్క్ అయింది. లాస్డేనెన్ క్రస్నోజ్నమెన్స్క్ అయి, కొత్త జిల్లాకు కేంద్రమైంది. నెపోలియన్‌ను తరిమిన సేనాని పేరుతో షిర్విండ్ట్ కుతుజోవో అయింది, కానీ ఆ పేరు పెట్టుకోవడానికి ఊరే మిగల్లేదు. సరిహద్దు ప్రాంతం సైన్యం ఆధీనంలో ఉండిపోయింది. స్ట్యూలర్ చర్చి ఆనవాలు లేకుండా పోయింది. రెండు గోపురాల స్థలంలో ఇప్పుడు చెట్లు, గడ్డి.

1422 నాటి గీత మాత్రం ఉంది. ఇవాళ దానికి ఒకవైపు రష్యా, మరోవైపు 2004 నుంచి ఐరోపా సమాఖ్యలోనూ నేటోలోనూ ఉన్న లిథువేనియా. కుదిర్కోస్ నౌమియెస్తిస్ నుంచి ఒకప్పటి షిర్విండ్ట్‌లోకి దాటే దారి లేదు. ఆ పట్టణంలో ఒక లిథువేనియన్ మాత్రం షిర్విండ్ట్ జ్ఞాపకంగా చిన్న మ్యూజియం పెట్టాడు. పాత ఫొటోలు, శిథిలాల్లో దొరికిన వస్తువులు అందులో ఉన్నాయి. పొరుగూరి చరిత్రను పొరుగువాడు దాచిపెట్టాడు.

పారిపోయినవాళ్లు పశ్చిమ జర్మనీ అంతటా చెదిరిపోయారు. చాలామంది ఉత్తరాన చేరారు. 1954లో హాంబుర్గ్‌కు దక్షిణాన ఉన్న హార్‌బుర్గ్ జిల్లా, పోయిన ష్లోస్‌బెర్గ్ జిల్లాకు అండగా ఉంటానని పూచీ తీసుకుంది. లేని జిల్లాకు ఉన్న జిల్లా అండ ఉండటం అప్పటి పశ్చిమ జర్మనీలో మామూలు ఏర్పాటే. హార్‌బుర్గ్ జిల్లాలోని విన్సెన్ పట్టణంలో ఫొటోలకు, పటాలకు, వస్తువులకు ఒక ఇల్లు ఏర్పడింది. పారిపోయినవాళ్లు పెట్టుకున్న జిల్లా సంఘం సమావేశాలు జరిపింది, వార్తా పత్రిక వేసింది, ఊరూరా ఏ ఇంట్లో ఎవరుండేవారో జాబితాలు తయారు చేసింది. ఆ జాబితాలతో బతుకుతెరువు కూడా ముడిపడి ఉంది. నష్టపరిహారానికి 1952లో చట్టం వచ్చింది. పోగొట్టుకున్న పొలానికి పత్రం లేనివాడికి ఆ పొలం అతనిదేనని చెప్పగల పొరుగువాడు కావాలి. అందుకు ఊరు మళ్లీ ఒకచోట చేరాల్సి వచ్చింది.

ఈ సంఘాల్లో కొన్ని చాలాకాలం పాత సరిహద్దులు తిరిగి రావాలని పట్టుబట్టాయి. 1970లో మాస్కో ఒప్పందం, 1990 సెప్టెంబరులో ఏకీకరణకు ముందు రెండు జర్మనీలూ చేసుకున్న ఒప్పందం ఆ మాటను ముగించాయి. 1991 తర్వాత కాలినిన్‌గ్రాద్ బయటివాళ్లకు తెరుచుకోగానే ముసలివాళ్లు బస్సుల్లో వచ్చి తమ ఇల్లు ఉన్న చోటును చూసి వెళ్లారు. కొన్నిచోట్ల ఆ ఇంట్లో ఉంటున్న రష్యన్ కుటుంబం లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

మరి ఈ జిల్లా ఎప్పుడు ముగిసింది? చరిత్ర పుస్తకాలు సాధారణంగా 1945 అని వేస్తాయి. చట్టం ప్రకారం చూస్తే పోట్స్‌డామ్ అనొచ్చు, 1990 అనీ అనొచ్చు. 1970లలో పశ్చిమ జర్మనీ జిల్లాలు మూతపడినప్పుడు ప్రతిదానికీ శాసనసభ చేసిన చట్టం, తేదీ ఉన్నాయి. పిల్కాలెన్‌ను రద్దు చేయాలని ఎవరూ సంతకం పెట్టే అవసరమే రాలేదు. నా లెక్కలో అది 1944 అక్టోబరులో ముగిసింది. ఆ తర్వాత ఆ నేల మీద లాండ్రాట్ పన్ను వసూలు చేయలేదు, బడి గంట మోగలేదు, పుట్టిన బిడ్డ పేరు రిజిస్టరులోకి ఎక్కలేదు. మిగిలిన తేదీలన్నీ వేరే రాజధానుల్లో వేసుకున్నవి.